మంచుకొండకి రెండో మనిషి

నలభై తొమ్మిదేళ్ల వయసులో, మెట్లెక్కితే మోకాళ్లు చప్పుడు చేయడం మొదలయ్యాక, నాకు మంచుకొండ ఎక్కాలన్న కోరిక పుట్టింది. దీపావళి దాటగానే మంకీ క్యాప్ వెతుక్కునే మనిషిని నేను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. నేను ఎక్కిన ఎత్తల్లా మా సెంటర్ నాలుగో అంతస్తు, అదీ లిఫ్టు చెడిపోయిన రోజుల్లో. అయినా సంక్రాంతి సెలవులకి ఇంకో నాలుగు రోజులు కలిపి, ఉత్తరాఖండ్‌లో వీపున సంచి వేసుకుని మంచులో నడిచే యాత్రకి పేరిచ్చేశాను. తోడు మా కెమిస్ట్రీ సారు. కొత్తవాళ్లని జంటగానే రానిస్తారట, ఒక్కో గుడారానికి ఇద్దరు.

కోచింగ్ వాళ్లకి ఏ పనైనా ఒక్క తీరుగానే చేయడం వచ్చు. స్టాఫ్‌రూమ్ బోర్డు మీద టైమ్‌టేబుల్ గీశాం. సోమవారం దుస్తులు, బుధవారం బూట్లు, శుక్రవారం స్లిప్ టెస్ట్. చలిలో నూలు బట్ట తడిస్తే ఆరదనీ, ఒంటిమీద మూడు పొరలుండాలనీ, సంచి బరువు భుజాల మీద కాక నడుం మీద పడాలనీ నోట్సు రాసుకున్నాం. నెల తిరిగేసరికి ఇద్దరికీ పాతికకి పాతిక మార్కులు. సిలబస్ అంతా పూర్తయింది, నడవడం ఒక్కటే మిగిలింది.

మా ఇల్లు కొత్తపేటలో. కింది గదిలో మా ఆవిడ జాకెట్లు కుడుతుంది. ఆమెది నల్గొండ దగ్గర పల్లె, నాది తెనాలి వైపు. ఆమె ‘ఏంది’కీ నా ‘ఏంటి’కీ ఇరవై మూడేళ్లుగా రాజీ కుదరలేదు. నా ప్రిపరేషన్ చూసి ఆమె ఒకటే అంది. “పరీక్ష రాసేది కాళ్లు గదా సారూ, వాటికేమన్న చెప్పినవా?”

పరీక్షలన్నాక గ్రాండ్ టెస్ట్ ఉండాలి. నవంబర్ చివరి ఆదివారం పొద్దున, ఎల్‌బీ నగర్ మెట్రో దగ్గర మొదలుపెట్టి కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కి. సంచిలో పది కిలోల సోనా మసూరి బియ్యం, రెండు నీళ్ల బాటిళ్లు. ఎట్లాగూ గుడికే కదా అని మా ఆవిడ కూడా చెప్పులేసుకుని బయల్దేరింది. మా అవతారాలు చూసి ఒక ఆటో ఆయన బండి ఆపి మరీ చెప్పాడు. “సార్, విజయవాడ బస్సులు గటు దిక్కున్నయ్. ఇటెటు పోతున్నరు?”

సాగర్ రింగ్ రోడ్డు దాటేసరికి కెమిస్ట్రీ సారు కొత్త బూటు మడమ కొరికింది. ఆయన ఆటో ఎక్కేశాడు. నేను గుడి చేరేటప్పటికి మెట్ల మీద కూర్చుని పులిహోర తింటున్నాడు. నా భుజాలు అప్పటికే నావి కావు. సంచికి నడుం పట్టీ ఉంది, దాని మీద నేను అరగంట పాఠం కూడా చెప్పాను. కట్టుకుంటే పొట్ట రెండుగా చీలి పైకొకటి, కిందకొకటి కనబడుతోందని వదిలేశాను.

దర్శనం అయ్యాక మా ఆవిడ నా అవస్థ చూసి సంచి లాక్కుంది. పట్టీ నడుంకి బిగించి, రెండడుగులు వేసి చూసుకుంది.

“బరువు నడుం మీద పడాలె. నీళ్లబిందె ఏడ పెట్టుకుంటరు మరి, భుజం మీదనా?”

“అదే నేనూ చెప్పాను, నోట్సులో ఉంది,” అన్నాను.

“నోట్సుకే కట్టాల్సింది పట్టీ,” అంటూ నడక సాగించింది. ఎల్‌బీ నగర్ దాకా ఒక్కసారైనా ఆగలేదు. ఖాళీ చేతులతో వెనకాల ఆయాసపడుతూ నేను. చిన్నప్పుడు గడ్డిమోపులు మోసిన మనిషి, ఆమెకిదొక లెక్కా అనుకున్నాను. అంతకుమించి ఇంకేమీ అనుకోలేదు. లెక్కల మాస్టర్ని కదా, ఎదురుగా ఉన్న జవాబు నాకు అంత తొందరగా కనబడదు.

మర్నాడు కెమిస్ట్రీ సారు చేతులెత్తేశాడు. “అన్నా, నాకు థియరీ చాలు.”

ఇక రెండో మనిషి వేట మొదలైంది. దొరక్కపోతే నా ప్రయాణమూ గల్లంతే. నవ్వులాటకి చెప్తున్నాను గానీ, నాకది నవ్వులాట కాదు. ఇరవై ఏళ్లుగా ప్రతి జనవరిలోనూ ఎవరి పిల్లల ర్యాంకుల కోసమో గొంతు చించుకున్నాను. యాభై నిండకముందు ఒక్కసారి, నా అంతట నేను కోరుకున్న చోట నిలబడాలనిపించింది. అంతగా కోరుకున్నది నా జీవితంలో ఇంకొకటి లేదు.

కింది గదిలో సిగ్నల్ బాగుంటుందని ఫోన్లన్నీ అక్కడి నుంచే చేశాను. ఫిజిక్స్ సారు నడుం నొప్పన్నాడు. పై వాటా రిటైర్డ్ మేనేజర్‌గారు, “మంచు కావాలంటే ఫ్రిజ్ తలుపు తీసుకుని కూర్చోండి మాస్టారూ,” అన్నారు. తోడల్లుడు నవ్వు ఆపుకోలేక ఫోన్ పెట్టేశాడు. వరంగల్ హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదివే మా అమ్మాయి, “నీతో గుడారంలోనా నాన్నా? నీ గురకకి మంచు కరిగి కొండ జారిపోద్ది,” అంది. నేను ఫోన్ పెట్టినప్పుడల్లా కుట్టుమిషన్ ఆగేది.

“ఏమన్నరు?”

“రానన్నాడు.”

“ఇంకెవలున్నరు?”

“చూడాలి.”

మిషన్ మళ్లీ నడిచేది. రెండు వారాలు అట్లాగే గడిచాయి. యాత్ర నడిపే ఆఫీసు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, రేపు సాయంత్రంలోగా రెండో పేరు ఇవ్వకపోతే ఇద్దరి చోటూ వేరేవాళ్లకి ఇచ్చేస్తామని మర్యాదగానే చెప్పింది. సిగ్గు విడిచి చెప్తున్నా, నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు క్లాసులు ముగించుకుని ఇంటికొచ్చేసరికి, గేటు దగ్గర మా వీధిలో ఉండే ఒకావిడ పట్టు చీరల సంచితో నిలబడి ఉంది. మా గుంటూరు జిల్లావిడే.

“అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి. మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి. వదిన పండగ పది రోజులూ ఒక్క జాకెట్టు కూడా కుట్టనంటోంది. ఊళ్లో ఉండనంటోంది. రెండు వారాల నుంచీ అందరికీ ఇదే మాటంట. ఇంతకీ ఎక్కడికండీ ప్రయాణం?”

మాఘమాసం పెళ్లిళ్లంటే మా ఆవిడకి ఏడాదిలోకెల్లా పని ఎక్కువుండే రోజులు. జ్వరంతో ఉండి కూడా కుట్టిందే గానీ, ఒక్క జాకెట్టుని వెనక్కి పంపి ఎరగదు. రెండు వారాలంటే, కెమిస్ట్రీ సారు మానుకున్న సోమవారం నుంచీ.

లోపలికి వెళ్లాను. ఆమె తలెత్తలేదు.

“నువ్వు వద్దామనుకున్నావా?” అన్నాను.

“అనుకుంటే?”

“మరి చెప్పొచ్చుగా!”

మిషన్ ఆపింది. “ఊరందర్ని పిలిచినవ్. ఫ్రిజ్జు తలుపు తీసుకొని కూసోమన్నాయనను గూడ రెండుసార్లు బతిలాడినవ్. నీ ఎనకాలనే కూసున్న నేను. పిలువని పేరంటానికి ఎట్ల వొస్త? మంచు ఎట్లుంటదో నాకు చూడాలనుండదా?”

చాలా సిగ్గేసింది. కొలతలిచ్చే ఆడవాళ్ల కోసం వేసిన స్టూలు మీద కూర్చుని, పెళ్లిచూపుల్లో కూడా పడనంత తడబాటుతో అడిగాను, మంచులోకి నాతో వస్తావా అని. అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. దారం తెంపింది, సూది గుచ్చింది, ఒక హుక్కు కుట్టడం పూర్తిచేసింది.

“ఒస్తా. గని నీ సంచి నువ్వే మోసుకోవాలె.”

గడువుకి గంట ముందు ఫోన్లో ఫారం తెరిచాను. ఆమె పేరు, వయసు, ఊరు రాశాను. అన్నీ చకచకా రాసుకుంటూ వచ్చి ఒక్క గడి దగ్గర ఆగిపోయాను. ఆపద వస్తే ఎవరికి కబురు చేయాలి? నా ఫారంలో అక్కడ ఆమె నంబరే ఉంది. ఇరవై మూడేళ్లుగా, నేను ఎక్కడికి వెళ్లినా, ఏ కాగితం నింపినా, ఆ గడిలో ఆమే ఉంది. ఆమె ఎక్కడికైనా వెళితే ఆ గడిలో నేనుండాల్సిన అవసరం ఒక్కసారైనా రాలేదు. ఇప్పుడు ఆమే నాతో వస్తోంది కాబట్టి నా ఫారంలో ఆమె నంబరు చెరిపేసి, ఇద్దరికీ ఇంకెవరిది రాయాలో తోచక కూర్చున్నాను.

“ఏందట్ల గుడ్లప్పగించినవ్?” అంటూ నా భుజం మీంచి తొంగిచూసి, ఫోన్ తీసుకుని తనే మా అమ్మాయి నంబరు కొట్టింది.

“ఇన్నేండ్లు అందరి పరేషాన్ నేనే పడ్డ. ఈ పది రోజులు జర దాన్ని పడనియ్యి.”