అయిదు గీతల కింద పొట్టి గీత

మా పెద్దనాయన పోయాడు. పోయిన గురువారం పొద్దున ఎర్రగుంట్ల దగ్గరి మా ఊరి నుంచి వచ్చిన ఒకాయన బడి వరండాలో నిలబడి ఈ మాట చెప్పాడు. నేను కడపలో మిషన్ బడిలో లెక్కలు చెబుతాను. చేతిలోని సుద్దముక్క పక్కన పెట్టి బయటికి వచ్చాను. మూడు రోజుల జ్వరమట. నాకు ఏడుపు రాలేదు. ఎక్కడైనా కాసేపు కూలబడాలనిపించింది, అంతే. ఇప్పటికీ అలాగే ఉంది.

పెద్దనాయన మీరెవరూ ఎరగని మనిషి. నాపరాతి గనిలో బండలు కొట్టి బతికాడు. కొత్త బండను వేలి కణుపుతో తట్టి, చెవి ఒగ్గి వినేవాడు. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే లోపల పగులున్నట్టు. "తట్టకుండా దేన్నీ నమ్మొద్దప్పా" అనేవాడు. పెళ్ళి సంబంధాలకూ అదే మాట. మా పెద్దమ్మ వెంటనే, "నన్ను తట్టకుండానే చేసుకొంటివే" అని అందుకునేది.

మా ఊరి చర్చికి ఆయన బండలు పరిచినప్పుడు, అక్కడుండే దొరసాని తన దేశానికి పోతూ గిటారునూ ఒక సంగీత పుస్తకాన్నీ ఆయనకిచ్చి పోయింది. పుస్తకం మొదటి పేజీలను చెదలు తినేశాయి. మిగిలినదంతా అయిదేసి గీతలు, వాటి మీద నల్ల చుక్కలు. అడుగుదామంటే చెప్పేవాళ్ళు లేరు. భజనల పుణ్యమా అని ఆయనకు సరిగమలు తెలుసు. గోడ కింది నుంచే లేస్తుంది కాబట్టి అన్నిటికన్నా కింది గీతే 'స' అని తేల్చుకున్నాడు. గీతల మొదట్లో ఉండే మెలికల గుర్తు ఏమిటని నేనడిగితే, "ముగ్గప్పా అది, అందానికి పెట్టినారు" అన్నాడు.

ఇంటి ముందరి బండ మీద ఉలితో అయిదు గీతలు చెక్కి, కింది గీత పక్కన 'స' చెక్కాడు. వాటి మీద సుద్దతో చుక్కలు పెట్టి నేర్పేవాడు. నా గిటారు చదువంతా ఆ బండ మీదే. పుస్తకంలోని పాటలను మా ఊళ్ళో అంతకుముందు ఎవరూ వినలేదు. వాటికి ఆయనే తెలుగు మాటలు కట్టాడు. కోతల పండుగ పాట కూడా దిగులుగానే పలికేది. దొరల పాటలు అంతేనేమో అనుకున్నాం. వానలు లేని ఊరికి ఆ దిగులు బాగానే కుదిరింది.

నిరుడు మద్రాసులో సంగీత పాఠశాల పరీక్షకు పోయాను. "నేను పోలేకపోతి, నువ్వన్నా పో" అని రైలెక్కించాడు. పరీక్ష పెట్టిన పెద్దాయన నా ముందొక పాట కాగితం ఉంచాడు. తడుముకోకుండా చివరిదాకా వాయించాను. ఆయన కళ్ళజోడు తీసి, "మీ ఊళ్ళో ఇది ఎవరు పోయినప్పుడు పాడతారు?" అని అడిగాడు. అది పెళ్ళి పాటట. ఏ గీత ఏ స్వరమో చెప్పేది ఆ మెలికల గుర్తేనని, నేను 'స' అనుకున్నది 'గ' అని, అసలు 'స' అయిదు గీతలకూ కింద ఒక పొట్టి గీత మీద ఉంటుందని చూపించాడు. చెదలు తిన్న పేజీల్లోని సంగతిని ఒక కాగితం మీద రాసిచ్చి, బాగా నేర్చుకొని మళ్ళీ ఏడాది రమ్మన్నాడు.

ఊరికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. పెద్దనాయన వంగి, బండ మీది 'స'ను వేలితో తడిమాడు.

"అయితే ఇన్నేండ్లూ సంతోషం పాటల్ని మనం ఏడుస్తా పాడినామా?" అన్నాడు.

"నువ్వేం చేస్తావు పెద్దనాయనా, పేజీలు లేకపాయె."

"బండనైతే తట్టి చూస్తా. పుస్తకాన్ని తట్టకపోతినే. నీ ఏడాది నేను తినేసినా."

కాదని నేను అనలేదు. నాకు కోపంగా ఉండింది, ఆయన మీదే. రెండు వారాలు ఊరికి పోలేదు, గిటారు ముట్టలేదు. మూడో ఆదివారం పోయేసరికి ఆయన బండ ముందు కూర్చొని ఉన్నాడు. అయిదు గీతల కింద ఒక పొట్టి గీత కొత్తగా చెక్కి ఉంది.

"పునాది కింద ఇంకో బండ ఉండాదని తెలీకపాయె. కూర్చో, మొదట్నుంచీ పోదాం."

అరవై దాటిన మనిషి. ప్రతి ఆదివారం నాతోపాటు ఆయనా మళ్ళీ నేర్చుకున్నాడు. కొత్తది నేర్వడం కన్నా పాతది మరవడం కష్టం. ఇద్దరం విసిగిపోయేవాళ్ళం. ఒక్కో స్వరాన్నీ ముందు సుద్దతో రాసేవాడు. అది నా వేళ్ళకు కుదిరిందని నమ్మకం కలిగాకే ఉలి పట్టేవాడు. ఆయన రుణం నేనెన్నటికీ తీర్చలేనని ఆ ఆదివారాల్లోనే తెలిసింది. ఆ మాట మాత్రం ఆయనతో అనలేదు.

సమాధి చేసే ముందు చర్చిలో నన్ను వాయించమన్నారు. ఆయన కట్టిన కోతల పాటనే ఎత్తుకున్నాను, మేమిద్దరం దిద్దుకున్న స్వరాల్లో. ఎవరూ గొంతు కలపలేదు. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ముందు వరసలోంచి పెద్దమ్మ, "అది కాదప్పా. మీ పెద్దనాయనది వాయించు" అంది. వేళ్ళను పాత చోటికి జరిపాను. చర్చి మొత్తం పాడింది. ఎవరు పోయినప్పుడని మద్రాసు పెద్దాయన అడిగినదానికి ఇప్పుడు నా దగ్గర జవాబుంది.

వచ్చే నెల మళ్ళీ పరీక్ష. ఓపిక లేకపోయినా పోతాను. నిన్న పొద్దున ఆ బండ ముందు కూర్చున్నాను. పాత 'స' పక్కనే కొత్త 'గ' ఉంది. 'ప' దాకా స్వరాలు చెక్కి ఉన్నాయి. 'ద', 'ని' నాకింకా కుదరలేదు కాబట్టి అవి సుద్దతోనే ఉన్నాయి. పెద్దమ్మ అప్పుడే వాకిలి కడిగి లోపలికి పోయింది. బండంతా తడిసి నల్లగా ఉంది. ఆ రెండు అక్షరాలున్న జానెడు మేర మాత్రం పొడిగా ఉంది.