పదిహేడో నంబరు ముక్కు

మా సారు పొద్దున పోయారని చేవెళ్ల నుంచి ఫోన్ వచ్చింది. నేను నమ్మలేదు. ఎవరు మాట్లాడుతున్నారని రెండుసార్లు అడిగి, మళ్లీ వాళ్లింటికే ఫోన్ చేసి కనుక్కున్నాను. ఈ అనుమానం ఆయన పెట్టిన భిక్షే.

మొయినాబాద్‌లో మా పని, గుర్తు తెలియని పుర్రెకు మట్టితో ముఖం కట్టడం. ఎముక మిగులుతుంది, ముక్కు మిగలదు. అందుకే సారు బతికున్నవాళ్ల సీటీ స్కాన్‌లు అనుమతితో తెప్పించి, ఎముక ఎటుంటే ముక్కు ఎటుంటుందో కొలిచేవారు. స్కాన్ మీద పేరు ఉండకూడదు, నంబరే. "పేరు తెలిస్తే చేతులు మాట వినవు బిడ్డా" అనేవారు. నేను పెట్టిన ప్రతి ముక్కునూ మళ్లీ కొలిచేవారు. నాకు ఒళ్లు మండేది. ఆయన కళ్లద్దాలు ఎప్పుడూ ఒక పక్కకు జారి ఉండేవి. "ముందు ఆ ఫ్రేము మార్చుండ్రి సార్" అని ఏడిపించేదాన్ని. నవ్వేవారు కాదు.

పోయిన ఏడాది పదిహేడో నంబరు స్కాన్ ఇచ్చారు, దాన్నిబట్టి అచ్చు తీసిన పుర్రెతో సహా. ముక్కు ఎముక ఎడమకు వంగి ఉంది. ఇందులో ఏదో మెలిక ఉందనుకున్నాను. స్కాన్ తీసేటప్పుడు తల పక్కకు పెట్టి ఉంటారని తేల్చి, ముక్కు నిటారుగా పెట్టేశాను.

"తప్పు" అన్నారు సారు.

"ఎవరిది సార్ ఇది?"

"ఎవరిదైతే ఏంది? ఎముకను నమ్మలే నువ్వు. ఇది సరిగ్గ వచ్చేదాక నిజం పుర్రెను ముట్టకు. దానికోసం ఎదురుచూసేటోళ్లు ఉంటరు."

నన్ను ఎదగనీయకుండా వేసిన ఎత్తు అని చాలా రోజులు అనుకున్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

చేవెళ్లలో ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. కళ్లద్దాలు తీసేశారు. ఆయన దగ్గర పనిచేసిన ఆరేళ్లలో అలా చూడడం అదే మొదటిసారి. ముక్కు ఎడమకు వంగి ఉంది. నేను ముక్కునే చూస్తుండడం గమనించి సారు భార్య దగ్గరికొచ్చారు.

"చిన్నప్పుడు బాయి మెట్ల మీద పడ్డడట. పోయినేడు సైనస్‌కు స్కాన్ తీస్తే, మా పిల్లకు పరీక్ష పెడత అని పట్టుకపోయిండు."

అక్కడే ఏడ్చేశాను. ఆరేళ్లు ఎదురుగా కూర్చుని ఫ్రేమును అనుమానించాను గానీ, ముక్కును చూడలేదు.

పోలీసులు పంపిన పుర్రె ఒకటి నెల నుంచి మా బల్ల మీద ఉంది. పనికి తిరిగొచ్చాక కూడా దాన్ని ముట్టుకోలేదు. పదిహేడో నంబరుకు పాత ముక్కు తీసేసి, ఎడమకు పెట్టాను. కొలతలు సరిపోయాయి. అయినా నమ్మకం కుదరలేదు. సారు భార్యను అడిగి ఆ కళ్లద్దాలు తెచ్చి, మట్టి ముక్కు మీద పెట్టి చెయ్యి తీశాను.

ఒక పక్కకు జారాయి.