తల ఊపిన మేడమ్

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోనులో రికార్డింగు పెట్టి నా ముందుంచి, నాకు వచ్చిన ఇంగ్లీషులో హైదరాబాదు పాతబస్తీలోని మా ఛత్రినాక గురించి నాలుగు మాటలు చెప్పమంది. పెద్ద వయసులో రెండో భాష ఎలా అబ్బుతుందన్నది దాని పరిశోధనట. నేను తడుముకుంటూ మొదలుపెట్టానో లేదో, అది నవ్వుతూ తల ఊపసాగింది. అది చూడగానే ఫోను ఆపెయ్యమన్నాను. పాపం, దానికేం తెలుసు!

మా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఎవరింటికైనా టేపురికార్డరు వస్తే వాడంతా గుమిగూడే రోజులవి. మా బావ సర్కారీ ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఉన్నట్టుండి పోయాడు. ఆయన బదులు అక్కకు ఉద్యోగమిస్తామన్నారు గాని, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు మాట్లాడితే గుమాస్తా కుర్చీ, లేకపోతే షెడ్లు ఊడ్చే పని. అక్క తెలుగు మీడియంలో పదో తరగతి పాసైంది, ఇంగ్లీషు చదవగలదు గాని నోరు పెగలదు. సరిగ్గా అప్పుడే యూనివర్సిటీ నుంచి ఒక మేడమ్ టేపురికార్డరు పట్టుకుని మా బస్తీకి వచ్చింది. ఎవరూ నేర్పకుండా పెద్దవాళ్లు ఇంగ్లీషు ఎలా పట్టుకుంటారో చూడటం ఆమె పని. తాను నేర్పడానికి రాలేదని మొదటి రోజే చెప్పింది, మేమే అది చదువుకున్నవాళ్ల మర్యాద అనుకున్నాం.

శనివారం వస్తే అక్క గంజి పెట్టిన చీర కట్టుకుని, శనగ గుడాలు ఉడికించి, మేడమ్ కోసం గుమ్మంలోనే నిలబడేది. నల్లా దగ్గర లొల్లి, బోనాల ముచ్చట్లు, బావ జ్ఞాపకాలు, అన్నీ తనకు తోచిన ఇంగ్లీషులో టేపుకు చెప్పేది. మేడమ్ ప్రతి మాటకూ తల ఊపేది. మేము చదివిన బడుల్లో తప్పు పలికితే వేళ్ల మీద స్కేలు దెబ్బ పడేది, దెబ్బ పడలేదంటే ఒప్పన్నమాటే. ఆ లెక్కనే అక్క రోజురోజుకూ ధైర్యం తెచ్చుకుంది. "మేడమ్ ఒక్కపారి గూడ తప్పనలే చెల్లె, ఇంక నాకేం ఫికర్ లేదు" అని మురిసిపోయేది. నేనూ ఆమెతోపాటే మురిశాను.

ఇంటర్వ్యూలో అక్క ఆగకుండా మాట్లాడిందట. ఎదుట కూర్చున్న అధికారులు ముందు ఒకరినొకరు చూసుకుని, తర్వాత పగలబడి నవ్వారట. వాళ్లకు నచ్చిందనుకుని తనూ నవ్విందట. ఇంటికొచ్చి అందరికీ సంబరంగా చెప్పింది కూడా. ఆ పై సోమవారం ఆమె చేతికి చీపురిచ్చారు.

మేడమ్ ఎప్పటిలాగే శనివారం వచ్చింది. సంగతి వినగానే ఆమె మొహం పాలిపోయింది. "నేను దిద్దకూడదమ్మా, దిద్దితే పరిశోధనే చెడిపోతుంది. వింటున్నానని తెలియడానికే తల ఊపాను" అంది. అక్క అరవలేదు, ఏడవలేదు. "గంత సదువు సదివినవు, ఒక్కపారి తప్పని చెప్తే ఏం పోయేదమ్మా?" అని మాత్రం అడిగింది. మేడమ్ చెడ్డమనిషి కాదు, తన పని పద్ధతిగా చేసుకుంది, అంతే. నాకు మాత్రం ఇప్పటికీ ఆమె మీద కోపం పోలేదు.

అక్క ఆ తర్వాత ఇంగ్లీషు ముక్క నోట పలకలేదు. షెడ్ల దుమ్ము ఊపిరితిత్తులకెక్కి, దగ్గి దగ్గి పోయింది. ఆమె గొంతు మా దగ్గర ఒక్క ముక్క లేదు. ఉన్నదంతా ఆ మేడమ్ టేపుల్లోనే ఉండాలి, అవి ఇప్పుడు ఎక్కడున్నాయో.

ఈ రోజుల్లో తప్పు పలికితే ఫోనే టంగుమని చెబుతోంది, సిగ్గుపడే పని లేకుండా మళ్లీ పలకొచ్చు. అక్క కాలంలో అదొక్కటి ఉంటేనా అనిపిస్తుంది. ఇదంతా మా మనవరాలికి చెప్పాను. అది కళ్లు తుడుచుకుని, మెల్లగా తల ఊపింది.

"తలూపకు బిడ్డా," అన్నాను దాని చెయ్యి పట్టుకుని, "తప్పుంటే తప్పని వాళ్ల మొకం మీద చెప్పు."