మర్యాదకి ఆగిపోయిన సర్వర్ పరీక్ష

ఇందులో అక్షరం అబద్ధం లేదని మా ఇలవేల్పు మీద ఒట్టేసి చెబుతున్నాను. (ఒట్లు నాకు కొత్త కాదని మా ఆవిడ అంటుంది, ఆవిడ మాట పట్టించుకోకండి.) ఆ రోజుల్లో, అంటే అమలాపురానికి ఇంటర్నెట్ ఇంకా టెలిఫోన్ తీగ మీద కుయ్యోమంటూ వచ్చే కాలంలో, మా బావగారు తన కొబ్బరికాయల కొట్టు మేడ మీద సాఫ్ట్‌వేర్ ఆఫీసు తెరిచారు. నేనక్కడ సర్వర్‌కి కాపలా. అందరూ రాసిన ప్రోగ్రాములు దాచుకుని, ఎవరు ఎప్పుడు ఏ ముక్క మార్చారో గుర్తుపెట్టుకోవడం దాని పని. హైదరాబాదు కంపెనీ ఒకటి మాకు పని ఇవ్వాలంటే, జనమంతా ఒక్కసారే మీద పడినా అది తట్టుకుంటుందని వాళ్ల ఆఫీసరుగారి కళ్ల ముందు రుజువు చెయ్యాలి. తట్టుకోకపోతే మేడ ఖాళీ. బావగారు కిందికి దిగి గల్లాపెట్టె దగ్గరికి, నేను కాయలు ఒలవడానికి.

మా మనుషులు చాలక మండపేట, ముక్తేశ్వరం నుంచి కంప్యూటర్ కోర్సు చదివినవాళ్లని పిలిచి, ఉప్మా పెసరట్లు పెట్టి, గది నిండా కూర్చోబెట్టాం. నేను చెయ్యెత్తగానే అందరూ ఒకేసారి మీట నొక్కి ఫైలు పంపాలని పదేపదే చెప్పాను. చెయ్యెత్తాను. తెర మీద సర్వర్ మోస్తున్న బరువు చూపించే గీత కదలలేదు. సర్వర్ ఉలకలేదు, పలకలేదు. ఆఫీసరుగారు నిర్ఘాంతపోయి, ఇంతమంది మీద పడినా చలించని సర్వర్‌ని తన సర్వీసులో చూడలేదన్నారు. బావగారి ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం అసలు ఎవరూ నొక్కలేదేమోనని అనుమానం వచ్చింది. ముందు బల్ల దగ్గరున్న మండపేట మేష్టారి పక్కకి వెళ్లి, నొక్కలేదేమని గుసగుసగా అడిగాను.

"ఆయ్, నొక్కుదామనే ఉన్నామండీ. ముక్తేశ్వరం అన్నయ్యగారు పెద్దవారు కదండీ. ఆయన ఉండగా నేను ముందు నొక్కితే ఏం బాగుంటుందండీ?"

ముక్తేశ్వరం అన్నయ్యగారు నొచ్చుకున్నారు. "అదేం మాటండీ. వెనకాల ఆడపడుచులు కూర్చున్నారు. ముందు వాళ్లని కానివ్వాలి గానీ."

ఆడపడుచులేమో, ఊరికి అతిథిగా వచ్చేరు గనక ఆఫీసరుగారే మొదలెడతారని చూస్తున్నారట.

అంతా విన్న ఆఫీసరుగారు మళ్లీ చేయించమన్నారు. ఇక లాభం లేదని మా వాళ్లకి అర్థమయ్యే పెళ్లిభోజనాల మాటే వాడాను. "ఇదే ఆఖరి బంతండీ. బూరెలు అందరికీ సరిపోవు."

అంతే. గదిలో వడగళ్లు పడ్డట్టు చప్పుడు. సర్వర్ ఒక్క మూలుగు మూలిగి, తెర నల్లబడి, ఇక లేవలేదు. బావగారు కుర్చీ పట్టుకుని అలాగే కూలబడ్డారు. ఆఫీసరుగారు లేచి నా దగ్గరికి వచ్చారు. నా భుజం మీద చెయ్యేసి, "మీవాళ్ల మర్యాద దానికి నేర్పండి. ఒకరి తరవాత ఒకరిని లోపలికి పిలవమనండి. పని మీదే" అన్నారు.

ఒట్టు వేశాను గనక చెప్పేస్తున్నాను: ఆ చివరి మాటొక్కటీ నా కల్పన. నిజానికి ఆయన సంచీ తీసుకుని, ఏమీ అనకుండానే మెట్లు దిగిపోయారు. నేను మాత్రం ఆ మెట్ల వైపే చూస్తూ నిలబడ్డాను. అలా నిలబడ్డ ఆ కుర్రాడితో, అంటే అప్పటి నాతో, ఎవరో ఒకరు ఆ మాట అనాల్సిందని ఇన్నేళ్లుగా నేనే అంటూ వస్తున్నాను. ఈమధ్య వాడు నమ్ముతున్నట్టే ఉన్నాడు.