యాదగిరన్న విప్పిన బోల్టు

యాదగిరన్న పోయారన్న కబురు నాకు మొదట చెప్పింది ఆయన కూతురు స్వప్న. "నాయిన పోయిండు అత్తమ్మా, నిద్రలనే" అంది ఫోన్‌లో. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు. ఇవాళ అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పక్క ఆటోలోంచి వైరు కాలిన వాసన వచ్చింది, ఆయన పనిచేసే చోట ఎప్పుడూ ఉండే వాసన. దానికి కళ్లు నిండిపోయాయి.

ఆయనను ఎరగని వారికోసం చెబుతున్నాను. ఆయన అమీర్‌పేట సందులో పాత డీజిల్ బండ్లు బాగుచేసేవారు. నేను బడికి వెళ్లలేదు. నాన్న ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పారు, డ్రైవింగూ ఆయనే నేర్పారు. నాన్న తరువాత మిగిలిన పాత కారులో శ్రీనగర్ కాలనీలోని పెద్దవాళ్లను పంజాగుట్ట ఆసుపత్రులకు తీసుకెళ్లి తీసుకురావడమే నా బతుకుతెరువు. అది కూడా దైవమిచ్చిందే అనుకుంటాను.

ఒక వానాకాలం ఆ కారు ఫ్లైఓవర్ ఎక్కుతూ ఎక్కుతూ నీరసపడసాగింది. ఎంత తొక్కినా ముందుకు పోదు. ఒక సాయంత్రం వెనక సీట్లో మోకాలి ఆపరేషన్ అయిన పెద్దావిడ, వెనకాల హారన్ల మోత. "భయపడకమ్మా, నేను హనుమాన్ చాలీసా చదువుతున్నా" అంటూ ఆమే నాకు ధైర్యం చెప్పింది. ఒక పెద్ద వర్క్‌షాపులో చూపిస్తే, ఇంజిన్‌లోకి గాలి తోసే టర్బో మొత్తం మార్చాలన్నారు. అది నా శక్తికి మించిన పని. ఇక తుక్కు కింద అమ్మేద్దామని అడిగితే, పాత ఇనుము కొనేవాడు మర్నాడు వస్తానన్నాడు. కారు పోతే పని పోతుంది. ఆఖరి ప్రయత్నంగా యాదగిరన్న దగ్గరికి వెళ్లాను.

"అన్నా, టర్బో పోయిందట" అన్నాను.

"తీర్పు నువ్వు చెప్పకు చెల్లె. బండి ఏం జేస్తుందో గది చెప్పు."

నేను తడుముకున్నాను. నలుగురిలో మాట్లాడే అలవాటు లేదు. ఆయన తొందరపెట్టలేదు, ఇంజిన్ మీద చేయి ఆనించి నిలబడ్డారు. "పొద్దున మంచిగనే ఎక్కుతది అన్నా. సాయంత్రం లైట్లేసి ఏసీ పెడితేనే సతాయిస్తది" అన్నాను చివరికి.

"టర్బో ఖరాబైతే పొద్దున సుత ఖరాబే గదా! దానికి పూటలు తెలుస్తయా?" అని నవ్వారు.

ముందు టర్బోకు వెళ్లే గొట్టాలన్నీ వేళ్లతో తడిమి చూశారు. ఎక్కడా చీలిక లేదు. తరువాత కరెంటు కొలిచే మీటరు తీగ ఒకటి బ్యాటరీ మైనస్ మీద, ఇంకొకటి బండి ఇనుము మీద పెట్టి, నన్ను లైట్లు వేయమన్నారు, ఏసీ పెట్టమన్నారు. సున్నా దగ్గర ఉండాల్సిన అంకె ఒక్కొక్కటి వేసిన కొద్దీ పెరిగింది. కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి ఎక్కడో మూసుకుపోతోందట. అందువల్ల టర్బో ఎంత గాలి తోయాలో చెప్పే చిన్న వాల్వుకు కరెంటు చాలక, బండిలోని కంప్యూటర్ బలం తగ్గించేస్తోందట.

కరెంటు తిరిగొచ్చే ఆ తీగను బండి ఇనుముకు బిగించే బోల్టు విప్పారు. దాని కింద అంతా తుప్పు, పచ్చటి చిలుము. అందులో ఇరుక్కుని కాస్త కొబ్బరి పీచు, ఎండిన కుంకుమ. ఆయన చేతిలోని స్పానరు ఆగిపోయింది.

ప్రతి దసరాకు తన దగ్గరికి వాడుకగా వచ్చే బండ్లన్నిటికీ ఆయనే బానెట్ తెరిచి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు ఇంజిన్ మీద చల్లేవారు. మేమంతా కళ్లు మూసుకుని దండం పెట్టేవాళ్లం. ఆ నీళ్లు ఏటా ఆ బోల్టులోకే దిగాయి.

అక్కడే తన బండి కోసం కూర్చున్న ఒకాయన పకపకా నవ్వాడు. "గిట్లయితే దేవుని మీదనే కేసు పెట్టాలె అన్నా!"

"దేవుడేం జేసిండు భాయ్? నీళ్లు పోసింది నేను" అన్నారు యాదగిరన్న అందరికీ వినబడేలా. నా వైపు తిరిగి, "నా చెయ్యే చెల్లె. మాఫ్ చెయ్" అన్నారు.

ఇనుము మెరిసేదాకా గీకి, బోల్టు బిగించి, గ్రీజు పూశారు. లైట్లు, ఏసీ అన్నీ వేసుకుని ఇద్దరం పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కాం. కారు ఒక్క దమ్ములో ఎక్కేసింది. "ఇనుమోన్కి ఫోన్ జేసి రావద్దని చెప్పు" అన్నారాయన. ఫ్లైఓవర్ దిగగానే బండి పక్కకు ఆపి ఫోన్ తీశాను.

ఆ వారమంతా ఆయన దసరాకు కాయ కొట్టిన బండ్ల వాళ్లందరినీ పిలిపించి, అడిగి మరీ బోల్టులు విప్పి శుభ్రం చేశారు. పూజ మానలేదు. మరుసటి దసరా నుంచి కాయ చక్రం ముందు నేల మీద కొట్టి, బానెట్ మీద పువ్వు ఒక్కటే పెట్టారు. దండం మాత్రం మునుపటికంటే ఎక్కువసేపు పెట్టారనిపించింది నాకు. భక్తి ఉన్నవాడికి తన చేతిని తాను చూసుకోవడానికి భయం ఉండదని ఆయన దగ్గరే తెలిసింది. ఇంట్లో ఏది చెడినా ఇప్పుడు నేను ముందు నా చెయ్యే చూసుకుంటాను. చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది.

మీరు దేవుడి పేర్లు చెప్పుకునే వేళ, వాటి చివర అమీర్‌పేట యాదగిరన్న పేరు కూడా ఒక్కసారి అనుకోండి.