రెండో మనిషి పట్టిన స్కేలు

మా పక్కింటి పెద్దమ్మ పోయారన్న కబురు తెలిసేసరికి నా పొయ్యి మీద గంజి ఉడుకుతోంది. ఆవిడ మూడో చీరకు పెట్టాల్సిన గంజి అది. ఆవిడ కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి, "వదినా, అత్తయ్య నిద్రలోనే వెళ్లిపోయారు" అంది. పొయ్యి కట్టేసి ఆమె వెంట వెళ్లాను.

పెద్దమ్మ నాకు బంధువు కాదు. అద్దంకిలో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఆ వరస అలా కలిసిపోయింది. మనవరాలు పురిటికి వస్తుందని తెలియగానే ఆవిడ తన పాత నూలు చీరలు మూడు బయటికి తీశారు. బిడ్డ పుట్టకముందు కొత్తబట్టలు కొనకూడదంటారు గానీ పాతవాటికి ఆ పట్టింపు లేదు. ఆ చీరలను పట్టీలుగా, పట్టీలను చదరాలుగా కోసి, అన్నీ కలిపి బొంత కుట్టాలని ఆవిడ కోరిక. గుండ్రటి బ్లేడున్న కట్టరు, అవతలివైపు కనిపించే వెడల్పాటి స్కేలు, కింద పరిచే మ్యాటు మనవరాలే పంపింది. కట్టరుకు పెద్దమ్మ పెట్టిన పేరు చక్రం.

చిక్కల్లా ఆవిడ ఎడమచేతి వణుకు. కుడిచెయ్యి చక్రాన్ని ఎంత నిబ్బరంగా నడిపినా, ఎడమచేతి కింద స్కేలు నిలిచేది కాదు. "అమ్మాయ్, రోజూ ఒక గంట నీ చెయ్యి నాకియ్యి" అన్నారు. అలా నేను స్కేలు పట్టే మనిషినయ్యాను.

నాకు ఏదైనా కాగితం మీద పెడితేగానీ తోచదు. ఎన్ని పట్టీలు, ఎన్నెన్ని అంగుళాలు, అన్నీ రాసుకుని వెళ్లాను. స్కేలు నడుమ అరచేత్తో గట్టిగా అదిమాను. చక్రం సగం దూరం వెళ్లేసరికి పై చివర పక్కకు తిరిగింది. పట్టీ ఒకవైపు మూడంగుళాలు, ఇంకోవైపు రెండున్నర.

పెద్దమ్మ పకపకా నవ్వారు. "అంగుళాలన్నీ పుస్తకంలో రాసుకున్నావు సరే, స్కేలుకు చెప్పావా?"

తర్వాత నా చెయ్యి తీసి తనే పెట్టారు. వేళ్లు విప్పి ఉంచాలి. బొటనవేలు అంచుకు దూరంగా లోపలికుండాలి. చిటికెనవేలు చక్రం లేనివైపు స్కేలు దిగి గుడ్డ మీద కూర్చోవాలి. "గుడ్డ కోత తప్పితే అతుకేసుకుంటాం. వేలు తెగితే మీ ఆయనకు వంటెవరు చేస్తారే?" అని నవ్వించేవారు.

పాత చీర మెత్తన. స్కేలు కింద సాగిపోతుంది. అందుకే ముందు గంజి పెట్టి, ఆరాక ఇస్త్రీ చేసేవాళ్లం. అప్పుడది కాగితంలా నిలిచేది. కుట్టాక ఉతికితే మెత్తదనం మళ్లీ వస్తుంది.

చక్రం నా వేళ్లకు సమంగా వచ్చేసరికి "ఆగు" అనేవారు. చక్రాన్ని అక్కడే ఆపేవారు గానీ బ్లేడు ఎత్తేవారు కాదు. నేను చెయ్యి పైకి జరిపాక "నడు" అనేవారు. ఆగు, నడు, ఆగు, నడు.

"నన్నేం ఎద్దనుకున్నారా పెద్దమ్మా?"

"ఎద్దయితే ఇన్నిసార్లు చెప్పించుకోదు."

మధ్యలో మా మిరపకాయలు కల్లానికి వచ్చాయి. తాలుకాయలు ఏరడానికి నేను నాలుగు రోజులు పొలం వెళ్లాలి. ఆవిడ పని ఆగకూడదని, మావారు మార్టూరు నుంచి తెచ్చిన గ్రానైటు ముక్కొకటి ఇచ్చి, స్కేలు మీద బరువుగా పెట్టుకోమన్నాను. తిరిగొచ్చి చూస్తే ఒక్క పట్టీ కూడా కోయలేదు.

"రాయి పెట్టినచోట కదల్లేదమ్మాయ్, రెండో చివర జరిగింది. చక్రం ముందుకెళ్తుంటే చెయ్యి కూడా వెంట నడవాలి కదా! ఇదేమో మీ పెదనాన్న లాగా కూర్చున్నచోటే కూర్చుంటుంది."

వరండాలో పేపరు చదువుకుంటున్న పెదనాన్నగారు తల కూడా ఎత్తలేదు. ఇద్దరం నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాం.

రెండు చీరల కోత పూర్తయింది. మూడోది నీలం చీర, ఆవిడ ఎక్కువగా కట్టింది. చిరుగులు పోను సరిగ్గా సరిపడా గుడ్డే ఉంది. ఒక్క పట్టీ వంకరపోయినా బొంతకు చాలదు. అందుకే ఆవిడ పోయాక కోత సామానంతా మా ఇంటికి తెచ్చుకుని, ఆ చీరకు గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, మడిచి, మీద ఆ గ్రానైటు ముక్క ఉంచి రోజూ చూస్తూ కూర్చున్నానే గానీ కోయలేకపోయాను. నాకు స్కేలు పట్టడమే వచ్చు. చక్రం ఎప్పుడూ ఆవిడదే.

పదకొండో రోజు అయ్యాక నెలలు నిండిన మనవరాలు మా ఇంటికి వచ్చింది. మడతను చూసింది. కుర్చీ లాక్కుని, బల్లకు పొట్ట తగలకుండా పక్కకు తిరిగి కూర్చుంది.

"అత్తా, స్కేలు ఎలా పట్టుకోవాలో చెప్పు. నువ్వు కొయ్యి."

నేను చక్రం తీసుకున్నాను. బ్లేడు ఆమె వేళ్లకు సమంగా వచ్చేసరికి నా నోట "ఆగు" అని వచ్చింది. చెయ్యి జరిపాక "నడు" అన్నాను.

"నన్నేం ఎద్దనుకున్నావా అత్తా?" అంది.

నాకు నవ్వాగలేదు. అదెందుకో ఆ పిల్లకు తెలియదు. నవ్వుతూనే "వేలు చూసుకో" అన్నాను. ఆమె చిటికెనవేలు మెల్లగా స్కేలు దిగి, వాళ్ల నానమ్మ నీలం చీర మీద కూర్చుంది.