బిడ్డకు నీళ్ళు పోసే కాళ్ళు

మా అత్తకు ఎనభై మూడేళ్ళు, నాకు అరవై రెండు. నలభై ఏళ్ళుగా ఒకే వంటింట్లో కొట్లాడుకుంటూ బతికాం. కోయిలకుంట్ల దగ్గరి పల్లె నుంచి కల్లూరుకు ఇల్లు మార్చినప్పుడు సామానుతో పాటు ఆ కొట్లాటలు కూడా లారీలో ఎక్కించుకొనే వచ్చాం. కూరలో కారం ఎక్కువైందని ఆమె, నీకు నోరు ఎక్కువైందని నేను. ఒక్క విషయంలో మాత్రం ఆమెకు ఎదురు చెప్పేవాళ్ళు ఊళ్ళో ఎవరూ ఉండేవారు కాదు, నాతో సహా. అది పసిబిడ్డకు నీళ్ళు పోయడం.

చిన్న పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ దాకా ఎగదోపి, రెండు కాళ్ళూ చాపి పక్కపక్కన ఆనించేది. ఆ కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టి, నూనె రాసి, శనగపిండితో రుద్ది, చెంబుతో నీళ్ళు పోసేది. మా వీధిలో ఆ కాళ్ళ మీద ఏడవని బిడ్డ లేదు. నా కూతురికీ ఆమే పోసింది. నేను కన్నబిడ్డకు నేను ఒక్క రోజు కూడా పోయలేదంటే నమ్ముతారా? "నీయి మొరటు చేతులు మ్మే, బిడ్డ జారుతాది. అవతలికి పో" అనేది. నాకు రోషం పొడుచుకొచ్చేది. వచ్చి ఏం లాభం? పక్కన నిలబడి చెంబు అందించేదాన్ని.

ఆ కూతురే పోయిన మాఘమాసంలో తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చింది. వచ్చిన రోజే అత్త తీర్పు చెప్పేసింది.

"నీ బిడ్డకు నేనే నీళ్ళు పోస్తా పాపా. ఇంగ ఈ కాళ్ళకు అదొక్కటే పని మిగిలుండాది."

"అట్లనే జేజీ, నువ్వు గాక ఇంకెవరు పోస్తారు?" అంది నా కూతురు.

ఆ రోజు నుంచి పొద్దున్నే వాకిట్లో ఎండకు కూర్చుని కాళ్ళు చాపి, ముడుచుకొని, మళ్ళీ చాపి చూసుకునేది. పరీక్షకు చదువుకుంటున్న పిల్ల మాదిరి ఉండేది ఆ వాలకం. నాకు నవ్వొచ్చేది, ముచ్చటగానూ ఉండేది.

మా వైపు మాఘం దాటితే గాలి పొడిబారిపోతుంది. కల్లూరులో మా బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళు, బకెట్‌కు తెల్లగా చార కట్టే రకం. ఆ నీళ్ళకూ ఆ గాలికీ అత్త కాళ్ళు మోకాళ్ళ కింద బూడిద పూసినట్టు తెల్లగా, పొట్టు పొట్టుగా అయ్యాయి. నేను దాన్ని మట్టి అనుకున్నాను. నేను ఒక్కదాన్నే కాదు, మా పల్లెలో ఎవరిని అడిగినా మట్టి అనే చెప్తారు. మా దగ్గర ఒళ్ళు రుద్దడమంటే మట్టి పెళ్ళలు పెళ్ళలుగా రాలాలి. రాలకపోతే తప్పు రుద్దినవాళ్ళది.

ఒక ఆదివారం అత్తకు తలంటు పోస్తూ, బాగా కాగిన నీళ్ళు తోడి, సబ్బు పట్టించి, ఎండిన బీరకాయ పీచు తీసుకొని ఆమె కాలి మీద పడ్డాను.

"మెల్లగ మ్మే, మంట పుడతాండాది" అంది అత్త.

"మెల్లగ రుద్దితే పోయే మట్టా ఇది? నా పెండ్లికి ముందుది గూడా ఉండాదేమో. ఊరికే కూచో" అన్నాను. నా నోటికి అంత పొగరు.

ఇంకో రెండు రుద్దులు రుద్దానో లేదో, పీచు కింద ఏదో కదిలినట్టయింది. కాలి ముందు ఎముక మీది చర్మం ఉల్లిపొర లాగా ఒక పక్కకు జరిగి ముడుచుకొని పోయింది. ఒక్క క్షణం తెల్లగా కనబడి, తర్వాత చుట్టూ నెత్తురు చిమ్మింది. అయ్యో దేవుడా! నా చేతిలో పీచు అట్లే ఉండిపోయింది.

అత్త తిట్టలేదు. పాలు పొంగినా పది మాటలు అనే మనిషి, నోరు తెరవలేదు. కాలి వంకే చూస్తూ, "ఈ కాలు మానుతాదా మ్మే? బిడ్డ వచ్చేలోపల మానుతాదా?" అని మాత్రం అడిగింది. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది నాకు.

తప్పు అక్కడితో ఆగితే నేనెందుకవుతాను! మా అమ్మ చేసేదని కాఫీ పొడి తెచ్చి అద్దాను. దాని మీద మందుల షాపులో దొరికే ప్లాస్టర్ గట్టిగా అతికించాను. మరునాడు గాయం ఎట్లుందో చూద్దామని ఆ ప్లాస్టర్ ఒక్క గుంజు గుంజాను. దానితో పాటు ఇంకొంచెం చర్మం ఊడి వచ్చింది. ఈసారి అత్త అరిచింది. నేను వంటింట్లోకి పోయి, పైట నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చాను. చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు ఆటో పిలిపించి దవాఖానాకు తీసుకుపోయాం.

డాక్టరు చూసి ఇంజక్షన్ రాసి, కట్టు కట్టమని నర్సమ్మకు చెప్పాడు. ఆమె మా వీధి చివర ఉండే సాయిబుల కోడలే. కాఫీ పొడి చూసి తల పట్టుకుంది.

"ఇంట్లో పాలు లేవా అమ్మా, గాయంలోనే కాఫీ కలుపుతాండారు?" అంది.

అత్త ఆ నొప్పిలో కూడా పక్కున నవ్వింది. నాకు తల తీసేసినట్టయింది. నర్సమ్మ శుభ్రమైన నీళ్ళు ధారగా పోసి ఆ పొడి అంతా కడిగింది. ముడుచుకున్న పొరను కత్తిరించలేదు, తడి దూదితో మెల్లమెల్లగా లాగి మళ్ళీ దాని చోట పరిచింది. గాయానికి అంటుకోని గుడ్డ ఏదో దాని మీద వేసి, పైన మెత్తగా చుట్టు కట్టింది. చర్మానికి అతికేది ఒక్కటీ వాడలేదు.

"కాళ్ళ మీద ఉండేది మట్టి కాదమ్మా, ఎండిపోయిన చర్మం. వయసైతే అది పలచబడతాది, పట్టు ఉండదు. రుద్దితే పోయేది కాదు, తడి పెడితే నిలిచేది" అని నాకు చెప్పి, అత్త వైపు తిరిగింది. "ఫికర్ చేయొద్దు జేజీ, మానుతాది."

"బిడ్డకు నీళ్ళు పోయొచ్చునా?" అంది అత్త.

నర్సమ్మ నా మొహం చూసింది. నేను నేల చూశాను.

"ముందు ఇది మాననీ" అంది.

ఇంటికి వచ్చాక నేను మళ్ళీ చిన్నబడిలో చేరినట్టయింది. వేడి నీళ్ళు మానేసి గోరువెచ్చని నీళ్ళు పెట్టాను. కట్టు తడవకుండా చూసుకుంటూ మిగతా ఒళ్ళు మెత్తటి గుడ్డతో తుడిచేదాన్ని. సబ్బు చంకలకూ పాదాలకూ తప్ప తాకించలేదు. తుండుగుడ్డతో రుద్దకుండా పాత నూలు చీర ముక్కతో అద్ది, చెమ్మ ఆరకముందే నర్సమ్మ చెప్పిన వాసన లేని క్రీము పై నుంచి కిందికి రాసేదాన్ని. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. కాలు తగిలినా గీరుకోకుండా మంచం కోళ్ళకు చిరిగిన బొంత ముక్కలు చుట్టాను. మా ఆయన పాత మేజోళ్ళకు పైనుండే బిగుతు పట్టీలు కత్తిరించేసి, వాటిని ఆమె కాళ్ళకు వదులుగా తొడిగాను.

"నాకు మేజోళ్ళా! టై గూడా కట్టు, బడికి పోతా" అని ఎగిరింది అత్త. తిట్లు మొదలయ్యాయి కదా, నాకు ప్రాణం లేచి వచ్చింది.

నా గాజులతో మాత్రం పెద్ద చిక్కు వచ్చింది. క్రీము రాసేటప్పుడు గాజు అంచు తగిలి ఆమె చేతి మీద సన్నగా గీరుకుంది. తీసి పెడతానన్నాను.

"ముత్తైదువవి, బోడి చేతులతో నన్ను ముట్టుకుంటావా? నా కొడుకు బతికుండాడు" అని మండిపడింది.

గాజులు తీయకూడదు, తగలకూడదు. చివరికి వాటిని మోచేతి దాకా ఎగదోసి, పైన చేతిగుడ్డ చుట్టి ముడి వేసుకున్నాను. రోజూ రెండు పూటలా అట్లా చేతులకు కట్లు కట్టుకొని అత్త ముందు కూర్చుంటే, గాయం ఎవరికి తగిలిందో తెలియక చూడవచ్చినవాళ్ళు తికమక పడేవారు.

మూడు వారాలు దాటాక కూతురు ప్రసవించింది. ఆడపిల్ల. అప్పటికి అత్త గాయం మూసుకుంది, లేత గులాబీ రంగు పొర వచ్చింది. నర్సమ్మ మెచ్చుకుంది కానీ, ఆ మాట మాత్రం చెప్పనే చెప్పింది.

"శానా బాగా మానింది. అయితే ఇది కొత్త చర్మం, బిడ్డ మడమతో ఒక తన్ను తంతే మళ్ళీ విప్పుకుంటాది. కాళ్ళ మీద వేసుకోవద్దు జేజీ."

ఆ రోజు అత్త అన్నం ముట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. నేను కంచం పట్టుకొని నిలబడ్డాను. ఆమె కోరిన ఒకే ఒక్క కోరిక, దాన్ని బీరకాయ పీచుతో గీకి పారేసింది నేను. క్షమించమని అడగడానికి కూడా నోరు రాలేదు నాకు, ఇంత నోరు పెట్టుకొని.

బిడ్డ బొడ్డు రాలి, పూర్తిగా ఆరింది. ఇక నీళ్ళు పోయొచ్చని కాన్పు చేసిన డాక్టరమ్మ చెప్పిన మరునాడు పొద్దున్నే చూస్తే అత్త మంచం మీద లేదు. స్నానాల గదిలో పీట వేసుకొని, మేజోళ్ళు విప్పి పక్కన పెట్టి, కాళ్ళు చాపి కూర్చుంది. నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను.

"లెయ్ అత్తా."

"లెయ్యను. పోతే ఈ తోలు పోతాది, అంతే గదా! నీకేం నొప్పి?"

"నాకే నొప్పి!" అని అరిచాను. "ఆ తోలు నేను పోగొట్టినా. నెల రోజులు నేనే కాపాడినా. మళ్ళా నెత్తురు చూసే శక్తి నాకు లేదత్తా."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బిడ్డను ఎత్తుకొని నా కూతురు గుమ్మం దగ్గర బిత్తరపోయి చూస్తోంది. అప్పుడు నాకే తెలియకుండా ఒక పని చేశాను. అత్తను లేపి పక్కనున్న స్టూలు మీద కూర్చోబెట్టాను. పీట మీద నేను కూర్చున్నాను. గాజులు ఎగదోసి గుడ్డ కట్టుకొని, చీర మోకాళ్ళ దాకా దోపి, రెండు కాళ్ళూ చాపాను.

"కాళ్ళు నాయి, చేతులు నీయి. నీళ్ళు పొయ్యి" అన్నాను.

అత్త నా కాళ్ళ వంక చూసింది. "ఆనించు. ఇంకా దగ్గరికి. సందు ఉంటే బిడ్డ జారుతాది" అంది. తర్వాత మోచేయి ముంచి నీళ్ళ వేడి చూసింది.

అరచేతి వెడల్పు ఉన్న ఆ ప్రాణిని నా కాళ్ళ మీద పెట్టినప్పుడు కాళ్ళు ఇంకాస్త దగ్గరికి నొక్కి పట్టాను. ఎంత వెచ్చగా ఉందని! అత్త వంగి నూనె రాసింది. మరకలు పడి, నరాలు తేలిన ఆ పలచటి చేతులు బిడ్డ వీపు మీద ఏమీ తొట్రుపడలేదు. మా అత్త చర్మం పలచబడింది కానీ పనితనం పలచబడలేదు. బిడ్డ ఒక్క ఏడుపు ఏడ్చి, నా కాలి ఎముక మీద మడమతో ధనాధన్ తన్నింది.

"నర్సు చెప్పింది నిజమే మ్మే" అంది అత్త నవ్వుతూ. "ఇది కాలు కాదు, రోకలి."

బిడ్డను తుడిచి కూతురు తీసుకుపోయింది. నేను లేవబోతే అత్త నా భుజం నొక్కి కూర్చోబెట్టింది. గిన్నెలో మిగిలిన నూనె చేతిలో పోసుకొని, తడిగా ఉన్న నా కాళ్ళకు పై నుంచి కిందికి రాయడం మొదలుపెట్టింది, నేను ఆమెకు రాసినట్టే.

"నాకెందుకత్తా?"

"సూడు, నీకు గూడా తెల్లగ పొట్టు లేస్తాండాది. కండ్లు పెట్టి సూసుకున్నావా ఎప్పుడన్నా?" అంది. "ఈ కాళ్ళు జాగ్రత్తగ పెట్టుకో మ్మే. ఈ పొద్దు నీ కాళ్ళ మీద తన్నినదాని బిడ్డకు గూడా నువ్వే నీళ్ళు పోయాల."

రెండో కాలు కూడా ముందుకు జరిపాను.